బుంగ పూడ్చినవాడికి చరిత్ర లేదు

కృష్ణా డెల్టా రైతుకూ, కాలువ లస్కరుకూ రెండు మాటల మధ్య తేడా బాగా తెలుసు. ఒకటి బుంగ, రెండవది గండి. గట్టులో ఎలుకో ఎండ్రకాయో తొలిచిన బొరియగుండా నీరు అవతలికి ఊరితే అది బుంగ. గట్టే తెగి నీరు ఊళ్ళ మీద పడితే అది గండి. మొదటిది రెండవదిగా మారడానికి ఒక్కొక్కప్పుడు ఒక రాత్రి చాలు. వరద రోజుల్లో గట్టు వెంట దీపం పట్టుకు తిరిగే మనిషి ఊరుతున్న నీటిని చూడగానే, అది తేటగా ఉందా, బురదగా ఉందా అని పరిశీలిస్తాడు. తేటనీరైతే కాపలా కాస్తే సరిపోతుంది. బురదనీరు వస్తోందంటే గట్టు లోపలి మట్టి కరుగుతోందన్నమాట. అప్పుడిక కేకలు, మనుషులు, గడ్డిమోపులు, ఇసుకబస్తాలు. ఈ విద్య అతనికి ఏ పుస్తకమూ నేర్పలేదు. ముందు తరం లస్కర్ల వెనక నడిచి నేర్చుకున్నాడు.

గండి పడితే పత్రికలకెక్కుతుంది, శాసనసభలో ప్రశ్న అవుతుంది, విచారణ జరుగుతుంది, నివేదిక వస్తుంది. బుంగ పూడిస్తే ఏమీ కాదు. తెల్లవారి ఆ మనిషి ఇంటికి పోయి పడుకుంటాడు. 1855లో పూర్తయిన కృష్ణ ఆనకట్ట 1952లో తెగిందని ప్రతి చరిత్ర పుస్తకమూ చెబుతుంది. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చిందనీ చెబుతుంది. మధ్యనున్న తొంభైయేడు సంవత్సరాలలో అది ఎన్ని రాత్రులు తెగకుండా నిలబడిందో, ఎవరు నిలబెట్టారో చెప్పే పుస్తకం లేదు. కాటన్ దొర పేరు, కట్టించిన కెప్టెన్ ఆర్ పేరు మిగిలాయి. కాపలా కాసినవారి పేర్లు కాలువలో కలిశాయి.

ఇది ఆనకట్టలకు మాత్రమే పరిమితమైన లోపమైతే ఇక్కడ ప్రస్తావించవలసిన అవసరం లేదు. గత అర్ధశతాబ్దంలో మన జీవితం అంతకన్నా ఎన్నో రెట్లు జటిలమైన యంత్రవ్యవస్థల మీద ఆధారపడింది. వాటిలోనూ ప్రతి షిఫ్టులో బుంగలు పడుతుంటాయి. ప్రతి షిఫ్టులో ఎవరో వాటిని పూడుస్తుంటారు. అక్కడ కూడా మనకు దక్కుతున్నది గండి చరిత్రే.

కొండపల్లికి ఆనుకుని ఇబ్రహీంపట్నంలో విజయవాడ థర్మల్ విద్యుత్ కేంద్రం మొదటి యూనిట్ 1979 నవంబరులో పనిలోకి వచ్చింది. సామర్థ్యం 210 మెగావాట్లు. మరుసటి ఏడు రెండవది, 1989-90లో మరి రెండు, 1994-95లో ఇంకా రెండు, 2009లో 500 మెగావాట్ల ఏడవ యూనిట్ వచ్చాయి. తర్వాత ఆ కేంద్రానికి విద్యుత్ బోర్డు అధ్యక్షుడుగా పనిచేసిన నార్ల తాతారావు పేరు పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకు మాత్రం అది ఎప్పుడూ 'థర్మలే'. బొగ్గు రైళ్ళలో వస్తుంది, నీరు కృష్ణ నుంచి వస్తుంది. ఈ రెండింటి నుంచి కరెంటు పుట్టే దారిలో ఒకచోట, బాయిలర్ పైభాగాన, 'డ్రమ్' అనే పెద్ద ఉక్కు పాత్ర ఉంటుంది. నీరూ ఆవిరీ వేరుపడేది అందులోనే. దానిలో నీటిమట్టం మరీ తగ్గితే గొట్టాలు కాలిపోతాయి. మరీ పెరిగితే నీరు ఆవిరితో కలిసి టర్బైన్‌లోకి పోయి రెక్కలను దెబ్బతీస్తుంది. కంట్రోల్ రూంలో కూర్చున్న మనిషి రాత్రంతా ఒక కన్ను ఈ మట్టం మీదే ఉంచుతాడు.

విచిత్రమేమిటంటే ఆ మట్టం అబద్ధమాడుతుంది. ఉన్నట్టుండి కరెంటు అవసరం పెరిగి ఆవిరి ఎక్కువగా లాగినప్పుడు డ్రమ్‌లో పీడనం పడిపోతుంది. పీడనం పడగానే నీటిలోని ఆవిరి బుడగలు ఉబ్బుతాయి. ఉబ్బిన నీరు పైకి లేస్తుంది. డ్రమ్‌లో నిజంగా ఉన్న నీరు తగ్గుతుంటే, గేజి మాత్రం నీరు పెరుగుతోందని చూపుతుంది. పొయ్యిమీద పాలు పొంగినప్పుడు గిన్నె నిండినట్టే కనిపిస్తుంది. పాలు ఒక్క చుక్కా పెరగలేదని పొయ్యి దగ్గర నిలబడినవాళ్ళకు తెలుసు. కాని బాయిలర్ పొయ్యి దగ్గర ఎవరూ నిలబడరు. కొన్ని గోడల అవతల, ఒక బల్ల ముందు కూర్చుని, ఒక ముల్లును చూస్తారు. కొత్తగా వచ్చినవాడు ముల్లును నమ్మి నీరు తగ్గిస్తాడు. కాసేపటికి పొంగు చల్లారుతుంది, మట్టం అమాంతం పడిపోతుంది, యూనిట్ ట్రిప్ అవుతుంది. అనుభవజ్ఞుడు మట్టాన్ని ఒంటరిగా నమ్మడు. లోపలికి వస్తున్న నీరెంత, బయటికి పోతున్న ఆవిరెంత అని పక్కనున్న రెండు అంకెలూ కలిపి చూస్తాడు. ఆటోమేటిక్ నియంత్రణకు కూడా ఈ మూడింటినీ కలిపి చూడడమే నేర్పారు. అది సరిగా పనిచేయని రోజున లెక్క తిరిగి మనిషి మీదికే వస్తుంది. ఒకే సాక్షి మాట మీద తీర్పు చెప్పకపోవడమన్నది, న్యాయస్థానాల సంగతి ఎలా ఉన్నా, బాయిలర్ దగ్గర నిత్యావసరం.

ఇబ్రహీంపట్నంలో మొదటి యూనిట్ తిరగడానికి ఏడు నెలల ముందు, అదే 1979లో మార్చి 28వ తేదీ తెల్లవారుజామున నాలుగు గంటలకు, అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని త్రీమైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో ఇదే అబద్ధం మరో రూపంలో జరిగింది. పీడనం పెరిగి ఒక వాల్వు తెరుచుకుంది. పీడనం తగ్గాక మూసుకోవలసినది మూసుకోలేదు. కంట్రోల్ రూంలో దానికి సంబంధించిన దీపం ఆరిపోయింది. దీపం ఆరితే వాల్వు మూసుకున్నట్టేనని అక్కడివాళ్ళు అనుకున్నారు. నిజానికి ఆ దీపం చెప్పేది 'మూసుకో' అన్న ఆజ్ఞ వెళ్ళిందని మాత్రమే. ఆజ్ఞ అమలయిందో లేదో చెప్పే దీపం లేనేలేదు. (పరిపాలనతో పరిచయమున్న పాఠకులకు ఈ ఏర్పాటు కొత్తగా ఉండదు.) పైగా ఒకచోట నీటిమట్టం పెరుగుతున్నట్టు గేజి చూపించింది. మట్టం నిండిపోనివ్వరాదని వారికి గట్టిగా శిక్షణ ఇచ్చారు. అందుచేత అత్యవసరంగా లోపలికి వస్తున్న నీటిని తగ్గించారు. అణుఇంధనం నీరు లేక కరగనారంభించింది.

రెండు గంటల ఇరవై నిమిషాల దాకా ఆ తప్పు దొరకలేదు. దాన్ని పట్టుకున్నది మొదటి నుంచీ అక్కడ పోరాడుతున్న వారు కాదు. తర్వాత వచ్చిన మరొక షిఫ్టు పర్యవేక్షకుడు. ఆయన అంకెలన్నీ కొత్తగా చూసి, ఎక్కడో కారుతోందని అనుమానించి, ఆ వాల్వుకు ముందున్న మరో వాల్వును మూయించాడు. అప్పటికే ఇంధనంలో చాలా భాగం నాశనమయింది.

ఈ కథలో ఎక్కువమందికి తెలియని పూర్వకథ ఒకటుంది. 1977 సెప్టెంబరులో ఒహాయో రాష్ట్రంలోని డేవిస్-బెస్సీ అణుకేంద్రంలో అచ్చంగా ఇదే జరిగింది. అలాంటి వాల్వే అలాగే తెరుచుకుని ఉండిపోయింది, మట్టం అలాగే మోసం చేసింది, అక్కడివాళ్ళూ అలాగే నీరు తగ్గించారు. అయితే కేంద్రం చాలా తక్కువ శక్తితో నడుస్తుండడం వల్ల వారికి వ్యవధి దొరికింది. సుమారు ఇరవై నిమిషాల్లో కారణం కనిపెట్టి ఆపగలిగారు. నష్టం లేదు. యంత్రాన్ని తయారుచేసిన కంపెనీలో ఒక ఇంజనీరు, ఇది పెద్ద ప్రమాదానికి సూచన అనీ, మిగతా కేంద్రాలవారికి హెచ్చరిక పంపాలనీ లేఖ రాశాడు. ఆ లేఖ కంపెనీ బల్లల మీద ఒకచోటి నుంచి మరొకచోటికి తిరిగిందేగాని త్రీమైల్ ఐలండ్‌కు చేరలేదు. ఒహాయోలో పూడ్చిన బుంగ పెన్సిల్వేనియాలో గండి అయింది. తప్పును దిద్దుకున్నవారి అనుభవానికి చరిత్ర రాయకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

తప్పు చేసినవాడే తన తప్పును ఎందుకు చూడలేడు? కొండపల్లిలోనే దీనికి ఒక పోలిక దొరుకుతుంది. బొమ్మలు చేసే పనివాడు తెల్లపొణికి కొయ్యతో తల వేరుగా, చేతులు వేరుగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తాడు. చెయ్యి వంకర పోతే ఆ క్షణమే వేలికి తెలుస్తుంది, మక్కుతో సరిచేస్తాడు. చేసే చెయ్యీ, చూసే కన్నూ, దిద్దే మందూ ఒకేచోట ఉన్నాయి. పెద్ద యంత్రం ఈ మూడింటినీ విడదీసింది. చేసేది ఒకచోట, ఫలితం కనిపించేది మరొకచోట, అదీ గేజిగుండా, అదీ కొంత ఆలస్యంగా. కార్మికుణ్ణి అతని ఉత్పత్తి నుంచి పరాయిని చేయడం గురించి మన విమర్శకులు చాలా రాశారు. అతని తప్పు నుంచి కూడా అతన్ని పరాయిని చేశారన్న సంగతి ఎవరూ రాయలేదు.

అయినా కొన్ని తప్పులు అక్కడికక్కడే దొరుకుతాయి. ఒక స్విచ్చి బదులు మరొకటి నొక్కినవాడు చాలాసార్లు వెంటనే నాలుక కరుచుకుంటాడు. చేయదలచినదొకటి, చేసినదొకటి. ఆ తేడా మనసులో మోగుతుంది. చేయదలచినదే తప్పయితే అలాంటి మోత ఉండదు. పరిస్థితిని మొదటే తప్పుగా అర్థం చేసుకున్నవాడికి తర్వాత వచ్చే ప్రతి సూచనా తన అర్థానికి అనుకూలంగానే కనిపిస్తుంది. త్రీమైల్ ఐలండ్ తర్వాత, 1984లో డేవిడ్ వుడ్స్ అనే పరిశోధకుడు కృత్రిమ కంట్రోల్ రూంలలో అనుభవజ్ఞులైన బృందాలను పరిశీలించాడు. చేతి పొరపాట్లలో సుమారు సగం ఆ బృందాలే పట్టుకున్నాయి. పరిస్థితిని తప్పుగా నిర్ణయించిన సందర్భాలను మాత్రం, నిర్ణయించినవారు ఒక్కసారి కూడా స్వయంగా గుర్తించలేదు. బయటి నుంచి వచ్చిన మరో మనిషే గుర్తించాడు.

దీన్నిబట్టి షిఫ్టు మారే సమయానికి ఎంత విలువుందో ఊహించవచ్చు. దిగే మనిషి ఎక్కే మనిషికి బాధ్యత అప్పగించే ఆ కొద్ది నిమిషాలు కాగితం మీద వ్యర్థకాలంలా కనిపిస్తాయి. కాని ఒక అర్థంలో కూరుకుపోయిన వాడి ముందుకు, ఆ అర్థంతో పని లేని మరొకడు వచ్చి 'ఇదేమిటండీ, ఇలా ఉందేం?' అని అడిగేది అప్పుడే. ఆ ప్రశ్న అడగగల స్వేచ్ఛ ఎవరికుంది? జూనియర్ ఇంజనీరు సీనియర్‌ను అడగగలడా? బొగ్గు దించేచోట, బూడిద పోయేచోట పనిచేసే కాంట్రాక్టు కార్మికుడు బెల్టు కింద బేరింగు అరుపు మారిందని ముందుగా విన్నప్పుడు, ఆ మాట కంట్రోల్ రూం దాకా ఎన్ని నోళ్ళు మారి చేరుతుంది? అందరికన్నా దగ్గరగా ఉన్న చెవికి అందరికన్నా తక్కువ జీతం, అందరికన్నా తక్కువ ఉద్యోగ భద్రత. తప్పు పట్టుకోవడం కేవలం మనస్తత్వశాస్త్రానికి చెందిన విషయమని అనుకునేవారు ఈ మెట్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక గండి పడినప్పుడు ఏం జరుగుతుంది? 'మానవ తప్పిదం' అన్న రెండు మాటలు వస్తాయి. ఈ మాటలు వర్ణనలా కనిపిస్తాయిగాని నిజానికి తీర్పు. భోపాల్‌లో 1984 డిసెంబరు 2 రాత్రి పదకొండు గంటలకు, కొత్తగా షిఫ్టెక్కిన ఆపరేటరు ట్యాంకు పీడనం పెరిగి ఉండడం చూశాడు. మామూలు హద్దులలోనే ఉంది కనుక ప్రమాదమనుకోలేదు. వాయువు కారుతున్న సంగతి ఆ ఫ్యాక్టరీలో కార్మికులకు ముందుగా చెప్పేది గేజీలు కాదు, మండే కళ్ళు. ఆ రాత్రీ కళ్ళే చెప్పాయి. కాని దిద్దుకునే సాధనాలేవి? ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని జూన్‌లోనే ఆపేశారు. వాయువును కాల్చివేసే గొట్టం మరమ్మతుకు విప్పి ఉంది. ఆ విభాగంలో షిఫ్టుకు పన్నెండుగురు ఉండేచోట ఆరుగురిని చేశారు. తర్వాత యూనియన్ కార్బైడ్ చెప్పిన కథ మాత్రం ఎవరో ఒక కార్మికుడు కుట్రతో నీరు కలిపాడని.

పెట్టుబడిదారీ కంపెనీ ఇలా చెప్పడంలో వింత లేదు. అయితే మనం మరొకటి కూడా ఒప్పుకోక తప్పదు. 1986 ఏప్రిల్‌లో చెర్నోబిల్ ప్రమాదం జరిగాక, ఆ ఆగస్టులో వియన్నాలో సోవియట్ ప్రతినిధులు ఇచ్చిన వివరణలో ప్రధాన దోషం ఆపరేటర్లదే. 1987లో కేంద్రం అధికారులను జైలుకు పంపారు. ఆపరేటర్లు నియమాలు ఉల్లంఘించలేదని కాదు. కాని రియాక్టరును ఆపడానికి దించే కడ్డీలే, ఆ ప్రత్యేక పరిస్థితిలో, మొదటి క్షణాల్లో శక్తిని పెంచుతాయన్న నిర్మాణ లోపం ఉంది. ఆ లోపం పైవాళ్ళలో కొందరికి తెలుసు. బల్ల ముందు కూర్చున్నవాడికి తెలియదు. అతను తప్పు దిద్దడానికి నొక్కిన మీటే వినాశనాన్ని పూర్తిచేసింది. 1992లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నిపుణుల సంఘం తన పాత అభిప్రాయాన్ని సవరించుకుని, నిర్మాణ లోపాలకే పెద్ద స్థానం ఇచ్చింది. శ్రామికరాజ్యమని చెప్పుకున్నచోట కూడా తప్పంతా శ్రామికుడి మీదికి తొయ్యడం ఇంత తేలికయిందంటే, ఈ తీర్పు ఏ వ్యవస్థలోనైనా పైవాళ్ళకు ఎంత అనుకూలమో ఆలోచించాలి.

మన విశాఖపట్నంలో 2020 మే 7న ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుగురు చనిపోయారు. ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ బయటపెట్టిన విషయాల్లో ఒకటి అందరూ గుర్తుంచుకోదగ్గది. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచేది అడుగునే. పైన ఎంత వేడెక్కిందో చెప్పే సాధనం లేదు. లాక్‌డౌన్ రోజుల్లో నిలవ ఉన్న ద్రవం పైపొరల్లో ఉడుకుతుంటే, అడుగునున్న కొలత కలవరపడలేదు. చూడడానికి అవకాశమే ఇవ్వనివాణ్ణి 'ఎందుకు చూడలేదు?' అని ఎలా అడుగుతాం?

సాహిత్య పత్రికలో ఈ బాయిలర్ల గోలేమిటని కొందరికి తోచవచ్చు. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల తొలి మహాసభ జరిగిననాటికి డెల్టా పల్లెలు ఎరిగిన యంత్రాలు రైసుమిల్లు, రైలింజను. ఆనాటి నుంచీ మన కవిత్వమూ కథా శ్రామికుడి చెమటను చూశాయి, పిడికిలిని చూశాయి. అది తక్కువ పని కాదు. కాని ఆ శ్రామికుడు కళ్ళతో, చెవులతో, అనుమానంతో చేసే శ్రమను మనం దాదాపు పట్టించుకోలేదు. ఫ్యాక్టరీ మన కథల్లో సమ్మె రోజున తెరుచుకుంటుంది, ప్రమాదం రోజున మళ్ళీ తెరుచుకుంటుంది. మామూలు రాత్రి మూడు గంటల వేళ అందులో ఏం జరుగుతుందో రాసిన కథలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. దీనికి కథాశిల్పానికి సంబంధించిన ఇబ్బంది ఒకటుంది. మనం నేర్చుకున్న కథకు సంఘర్షణ పెరిగి ఒక సంఘటనలో పేలాలి. ఇక్కడ పతాకసన్నివేశం ఏమీ జరగకపోవడమే. ఒక మనిషి ముల్లును చూశాడు, నమ్మలేదు, పక్క ముల్లును చూశాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఊళ్ళో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఇందులో కథ లేదనేవారి మాట నేను అంగీకరించను. ఆ రెండు చూపుల మధ్య అతని చదువు, అతని పై అధికారి అంటే భయం, కిందటి నెల ట్రిప్పుకు వచ్చిన సంజాయిషీ నోటీసు, వరుసగా మూడో రాత్రి డ్యూటీ అలసట అన్నీ ఉన్నాయి. అంతకన్నా వస్తువు ఏం కావాలి?

తిరిగి నది దగ్గరికి వస్తే, అక్కడ ఈ జటిలత్వం ఒక గదిలో కాక వందల మైళ్ళ పొడవునా పరుచుకుని ఉంది. 2009లో వర్షాకాలం అంతా దేశం కరువుతో గడిపింది. సెప్టెంబరు ఆఖరుకు జలాశయంలో చేరిన ప్రతి చుక్కా రైతుకు బంగారం. అప్పుడు అక్టోబరు మొదట్లో కుంభవృష్టి కురిసింది. కర్నూలు మునిగింది. శ్రీశైలానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి నీరు 896 అడుగులకు లేచింది. ముందుగానే ఎందుకు ఖాళీ చేయలేదని తర్వాత చాలామంది అడిగారు. అడగవలసిన ప్రశ్నే. కాని సెప్టెంబరులో అదే అధికారి గేట్లెత్తి నీరు సముద్రానికి వదిలితే, వాన రాకపోతే, అతన్ని ఎవరు క్షమించేవారు? వారం ముందు పొదుపు అనిపించుకున్నది వారం తర్వాత నేరమనిపించుకుంది. అక్కడి నుంచి బెజవాడ దాకా శ్రీశైలం, సాగర్ గేట్ల దగ్గర రాత్రింబగళ్ళు లెక్కలు కట్టారు. వచ్చే నీరెంత, పట్టే జాగా ఎంత, విడవవలసిందెంత. అక్టోబరు 5న ప్రకాశం బ్యారేజీ చేరేసరికి ఆ వరద 11 లక్షల క్యూసెక్కులకు అటూ ఇటూగా దిగింది. కరకట్టల మీద వేల మంది జనం బస్తాలు మోశారు. బెజవాడ నిలిచింది. కర్నూలు నష్టం లెక్కల్లో ఉంది. బెజవాడ నిలవడం ఏ లెక్కలోనూ లేదు.

పదిహేనేళ్ళకు బెజవాడ మునిగింది, కృష్ణ వల్ల కాదు, బుడమేరు వల్ల. బుడమేటి వరదను బెజవాడ మీదికి పోనివ్వకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరుతో ఆపి, మళ్ళింపు కాలువగుండా కొండపల్లి, ఇబ్రహీంపట్నం వైపు తిప్పి బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. రెండు వరదలు ఒకేసారి రానంతకాలం ఇది చక్కని ఏర్పాటు. 2024 సెప్టెంబరు 1న రెండూ కలిసి వచ్చాయి. మరునాటికి బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులు. నిండుకృష్ణ కాలువ నీటిని లోపలికి రానివ్వదు. కాలువ మోయగలిగినదానికన్నా ఎన్నో రెట్లు నీరు పైనుంచి వస్తోంది. వెలగలేరు గేట్లు ఎత్తారు. కొండపల్లి శాంతినగర్, కవులూరు ప్రాంతంలో గట్టుకు మూడుచోట్ల గండ్లు పడ్డాయి. గేట్లు ఎత్తకపోతే ఏమయ్యేదన్న వాదన ఉంది. అది ఇంజనీర్లు తేల్చవలసింది. ఎత్తిన కబురు అజిత్‌సింగ్ నగర్ గుమ్మాలకు నీటికన్నా ముందు చేరలేదన్నది మాత్రం అక్కడి ప్రతి ఇల్లూ చెబుతుంది. తప్పును పట్టుకోవడమే కాదు, పట్టుకున్నవాడి మాట దిగువవారికి అందడం కూడా దిద్దుబాటులో భాగమే. ఒహాయో లేఖకు పట్టిన గతే ఇక్కడా పట్టింది. సైన్యం వచ్చి, ఇనుప వలల్లో రాళ్ళు నింపి దించి, సెప్టెంబరు 7కు మూడవ గండి పూడింది.

అదే సెప్టెంబరు 1 తెల్లవారుజామున పడవలు కొట్టుకొచ్చి బ్యారేజీ గేట్లను గుద్దుకున్నాయి. గేటును తేలికగా లేపడానికి కట్టే కౌంటర్‌వెయిట్లు విరిగాయి. పడవలెవరివన్న రాజకీయ రభస నెలల తరబడి సాగింది. కొత్త కౌంటర్‌వెయిట్లు బిగించడానికి వరదలోనే పనిచేసినవారి గురించి అందులో నూరోవంతు మాటలు కూడా రాలేదు. ఆ పనిని నడిపించిన విశ్రాంత ఇంజనీరు కన్నయ్యనాయుడు అప్పటికి మూడు వారాల క్రితమే తుంగభద్ర దగ్గర నిలబడ్డాడు. ఆగస్టు 10 రాత్రి అక్కడ 33 గేట్లలో 19వ దాని గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. డ్యాము ఖాళీ అయ్యేదాకా ఆగితేగాని ఏమీ చేయలేమన్నది మామూలు మాట. ఖాళీ అయితే రాయలసీమ పంటకు నీళ్ళుండవు. పారుతున్న నీటిలోనే, ఉక్కు పలకలను ఒకదాని మీద ఒకటి దించి, వారం రోజుల్లో ఆ నోరు మూశారు. ఈసారి పేరు పత్రికల్లో వచ్చింది, సంతోషం. అయితే పలకలకు వెల్డింగు చేసినవారి పేర్లు, నీటి మీద వేలాడుతూ వాటిని గాడిలో పెట్టినవారి పేర్లు ఎన్ని వచ్చాయి?

దిద్దబోయి చనిపోయినవారూ ఉన్నారు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో, బ్యాటరీలు మార్చే పని జరుగుతున్న సమయంలో, మంటలు లేచాయి. ప్రమాదం వచ్చినప్పుడు యూనిట్‌ను తనంతట తాను ఆపించవలసిన రక్షణ ఏర్పాట్లకు ప్రాణం ఆ బ్యాటరీల నుంచి వచ్చే డి.సి. కరెంటే. అది పోవడంతో యంత్రం ఆగలేదు. కాపాడవలసిన పని మనుషుల చేతుల్లోకి వచ్చింది. పొగ నిండిన సొరంగంలో తొమ్మిదిమంది ప్రాణాలు పోయాయి, ఇంజనీర్లూ, కింది సిబ్బందీ, బ్యాటరీల పనికి వచ్చినవారూ.

యంత్రాలే అన్నీ చూసుకునే రోజు వస్తే ఈ సమస్య ఉండదని చాలాకాలంగా చెబుతున్నారు. లిజాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు 1983లోనే దీనికి సమాధానం రాసింది. మామూలు పని యంత్రానికి అప్పగిస్తే మనిషి చెయ్యి ఆ పని మరిచిపోతుంది. యంత్రం చేతులెత్తేసిన ఆ ఒక్క క్షణాన, మరిచిపోయిన చెయ్యినే పిలుస్తారు. అంటే ఆటోమేషన్ పెరిగిన కొద్దీ మనిషికి ఎక్కువ నైపుణ్యం కావాలి, దాన్ని సంపాదించే అవకాశం మాత్రం తగ్గుతుంది.

ఇబ్రహీంపట్నంలో 1979 నాటి ముళ్ళూ దీపాలూ ఉన్న బల్లల కాలం పోయి కంప్యూటర్ తెరల కాలం వచ్చింది. 2023లో అక్కడ 800 మెగావాట్ల ఎనిమిదవ యూనిట్ పనిలోకి వచ్చింది. అది సూపర్‌క్రిటికల్ బాయిలర్. అందులో నీరు ఎంత పీడనంలో ఉంటుందంటే, మరగడమన్నదే లేకుండా ద్రవం నుంచి ఆవిరిగా మారుతుంది. నీటినీ ఆవిరినీ వేరుచేసే డ్రమ్ దానికి అవసరం లేదు. డ్రమ్ లేనప్పుడు దాని మట్టం లేదు, పొంగూ లేదు. పాత యూనిట్ల మీద నలభై ఏళ్ళపాటు ఒక షిఫ్టు మరో షిఫ్టుకు నోటిమాటగా అందించిన విద్య ఆ కొత్త బల్ల దగ్గర పనికిరాదు. అక్కడ నీరు నిలవ ఉండే పాత్ర చిన్నది కనుక వ్యవధీ తక్కువే. నీటికీ నిప్పుకూ మధ్య పొత్తు తప్పితే ఆ సంగతి మట్టంలో కాక ఉష్ణోగ్రతలో కనిపిస్తుంది. ఏ అంకె ఎప్పుడు అబద్ధమాడుతుందో అక్కడి రాత్రి షిఫ్టువాళ్ళు ఇప్పుడు మొదటి నుంచి నేర్చుకుంటున్నారు.